పార్టీని గుమ్మం బయటే వదిలిన సభాపతి

1907 డిసెంబరులో సూరత్ కాంగ్రెస్ మహాసభ రసాభాసగా ముగిసింది. రాస్‌బిహారీ ఘోష్‌ను అధ్యక్షుడిగా ప్రకటించడాన్ని తిలక్ వర్గం ఒప్పుకోలేదు. మాట్లాడతానంటూ తిలక్ వేదికెక్కితే అధ్యక్షపీఠం అనుమతించలేదు. ఇంతలో ఎవరో విసిరిన చెప్పు సురేంద్రనాథ్ బెనర్జీకి, ఫిరోజ్‌షా మెహతాకు తగిలింది. కుర్చీలు లేచాయి. అధ్యక్షుడు అందరివాడు కాడని సభలో ఒక వర్గం నమ్మితే ఏ నియమాలూ సభను నిలబెట్టలేవని ఆ రోజు తేలింది.

అందరివాడైన అధ్యక్షుడు ఎలా ఉంటాడో తర్వాత చూపించింది కూడా ఒక గుజరాతీయే. ఆయన విఠల్‌భాయ్ పటేల్, సర్దార్ వల్లభ్‌భాయ్‌కి అన్న. 1873లో జన్మించారు. తమ్ముడు ఇంగ్లండ్ చదువుకు సిద్ధం చేసుకున్న ప్రయాణపత్రాల మీద పేరు వి.జె. పటేల్ అని ఉంది. పెద్దవాణ్ని కాబట్టి ముందు తానే వెళతానన్నారు విఠల్‌భాయ్. వల్లభ్‌భాయ్ కాదనలేదు. అలా బారిస్టరై వచ్చి 1912లో బొంబాయి శాసనమండలిలో అడుగుపెట్టారు. 1923లో చిత్తరంజన్ దాస్, మోతీలాల్ నెహ్రూలతో కలిసి స్వరాజ్య పార్టీలో చేరి కేంద్ర శాసనసభకు వెళ్లారు. సభ లోపలి నుంచే ప్రభుత్వాన్ని అడ్డుకోవడం ఆ పార్టీ విధానం.

అలాంటి మనిషి 1925 ఆగస్టులో టి. రంగాచారిపై రెండే ఓట్ల తేడాతో సభాధ్యక్షుడయ్యారు. ఆ పదవికి ఎన్నికైన తొలి భారతీయుడు ఆయనే. పీఠమెక్కగానే పార్టీతో బంధం తెంచుకున్నారు.

అది మాటల్లో ఉన్నంత తేలిక కాలేదు. 1926 మార్చిలో స్వరాజ్య పార్టీ సభ్యులు సభ నుంచి వెళ్లిపోయారు. అప్పుడు ఆయన వివాదాస్పద బిల్లులు తేవద్దని ప్రభుత్వాన్ని హెచ్చరిస్తూ సభను వాయిదా వేశారు. మర్నాడు అదే పీఠం నుంచి, తన మాటలు బెదిరింపులా ధ్వనించాయని అంగీకరించి వెనక్కి తగ్గారు. 1927లో ఆయన మళ్లీ ఎన్నికైనప్పుడు పోటీయే లేదు.

1928లో సూరత్ జిల్లాలో, కామ్‌రేజ్‌కు పొరుగు తాలూకా బార్డోలీలో, తమ్ముడి నాయకత్వాన రైతులు శిస్తు పెంపుపై సత్యాగ్రహం చేశారు. విఠల్‌భాయ్ దానికి నెలకు వెయ్యి రూపాయలు పంపారు. బయట ఆయన పక్షం ఏదో దాచుకోలేదు. సభలో మాత్రం నియమమే మాట్లాడాలి. అదే ఏడాది సెప్టెంబరులో ప్రజా భద్రత బిల్లుపై ఓట్లు 61-61గా సమానమయ్యాయి. ఇంత అసాధారణమైన చట్టం కోరేవారు ముందు సభలో మెజారిటీ సంపాదించుకోవాలని చెప్పి, ఆయన వ్యతిరేకంగా ఓటు వేశారు.

బిల్లు మళ్లీ వచ్చింది. 1929 ఏప్రిల్ 8న దానిపై ఆయన రూలింగ్ ఇవ్వబోతుండగానే భగత్‌సింగ్, బటుకేశ్వర్ దత్ బాంబులు వేశారు. మూడు రోజుల తర్వాత ఆయన ప్రశాంతంగా రూలింగ్ చదివారు. మీరట్ కుట్ర కేసు కోర్టులో ఉండగా, ఆ కేసు ఊసెత్తకుండా బిల్లుపై చర్చ సాధ్యం కాదని, కాబట్టి బిల్లు చర్చకు రాదని తేల్చారు. వైస్రాయ్ ఇర్విన్ ఆర్డినెన్స్ దారి పట్టాల్సి వచ్చింది. సభా సచివాలయాన్ని ప్రభుత్వ శాఖల నుంచి విడదీయించింది, భద్రతా సిబ్బందిని సభాపతి అధీనంలోకి తెచ్చిందీ ఆయన హయాంలోనే.

1930 ఏప్రిల్‌లో పదవి వదిలి ఉద్యమంలోకి వెళ్లారు, జైలు పాలయ్యారు. 1933 అక్టోబరు 22న జెనీవా సమీపంలో కన్నుమూశారు.

1967లో లోక్‌సభ స్పీకర్ అయిన నీలం సంజీవరెడ్డి కాంగ్రెస్ సభ్యత్వానికి రాజీనామా చేశారు. తర్వాతి స్పీకర్లు ఆ దారిలో నడవలేదు. సభలో గొడవ జరిగిన ప్రతిసారీ సభ్యుల క్రమశిక్షణ గురించే మాట్లాడుకుంటాం. పీఠం మీద ఉన్నవారి పార్టీ గురించి అడగడం మానేశాం.