నలుగురిని పోగొట్టుకున్న తల్లి – మాత రమాబాయి



జబ్బు బిడ్డను ఒళ్లో పెట్టుకుని రాత్రంతా మేలుకుని, తెల్లారితే కూలికి పోయే అమ్మా! ఈ నాలుగు మాటలూ ముఖ్యంగా నీ కోసమే.

రమాబాయి 1898 ఫిబ్రవరి 7న కొంకణంలో, దాపోలి దగ్గర వణంద్ అనే పల్లెలో పుట్టారు. నాన్న దాభోళ్ రేవులో చేపల గంపలు మోసే కూలీ. చిన్నతనంలోనే అమ్మానాన్నలు పోయారు. బొంబాయిలో బంధువుల దగ్గర పెరిగిన ఆ పిల్లకు భీమరావుతో పెళ్లయింది. పెళ్లి పందిరి బైకుల్లా మార్కెట్టే. కొట్లు కట్టేశాక, రాత్రిపూట చేశారు.

ఆమెకు ఐదుగురు బిడ్డలు. 1912లో యశ్వంత్ పుట్టాడు. గంగాధర్, రమేశ్, ఇందు, రాజరత్న, ఈ నలుగురూ పసితనంలోనే పోయారు. చివరివాడు రాజరత్న 1926 జూలైలో పోయాడు. బాబాసాహెబ్ పరదేశాల్లో చదువుకుంటున్న ఏళ్లలో ఇంట్లో మందుకే కాదు, తిండికీ కటకటే. ఒక బిడ్డ పోతే పైన కప్పే గుడ్డకు డబ్బు లేక తన చీర కొంగు చింపి ఇచ్చారని మనవాళ్లు చెప్పుకుంటారు.

మిగిలిన యశ్వంత్‌కూ ఆరోగ్యం అంతంతమాత్రం. నలుగురిని మట్టికిచ్చిన తల్లికి, ఐదోవాడి ఒళ్లు కాస్త వెచ్చబడితే ఎలా ఉంటుందో నీకు చెప్పనక్కర్లేదు.

రమాబాయి ఉపవాసాలుండేవారు. పండరిపురం పోవాలని ఎంతో ఆశపడ్డారు. మనల్ని గుమ్మం బయటే నిలబెట్టే ఆ గుడి మనకెందుకని బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. మంచి నడవడితో, సేవతో మనమే వేరే పండరిపురం కట్టుకుందామన్నారు. ఆమె పండరిపురం చూడనే లేదు. కానీ బిడ్డ పక్కన కూర్చోవడం మానలేదు, ఉద్యమంలో తిరిగే భర్తకు అడ్డు చెప్పలేదు. ధార్వాడ్ హాస్టల్లో పిల్లలు పస్తులున్నారని తెలిసి తన గాజులు తీసి ఇచ్చారని కూడా చెబుతారు. తన కడుపుకోత ఇతరుల పిల్లల ఆకలిని మరిపించలేదు.

1935 మే 27న దాదర్‌లోని రాజగృహలో ఆమె కన్నుమూశారు. అదే ఏడాది అక్టోబరులో యేవలా ప్రకటన. 1956 నాగపూర్ దీక్ష ఆమె చూడలేదు. ఆ జబ్బు పిల్లాడు యశ్వంత్ మాత్రం పెద్దవాడై, తండ్రి మహాపరినిర్వాణం తర్వాత భారతీయ బౌద్ధ మహాసభను నడిపించాడు.

దీన్నిబట్టి ప్రతి బిడ్డా బతుకుతుందని మేం మాట ఇవ్వడం లేదు. నలుగురు బతకలేదు గదా. బిడ్డ జబ్బు చూసి చుట్టాలు మొక్కు మొక్కమంటారు, తాయెత్తు కట్టమంటారు, పోయిన జన్మ పాపమంటారు. అమ్మా, తలవంచుకోకు. పోయిన జన్మ కర్మ మాటను బాబాసాహెబ్ తన ధమ్మ గ్రంథంలో తోసిపుచ్చారు. ఆ డబ్బు ఆస్పత్రికీ మందులకూ ఉంచుకో.

ఎవరూ పట్టించుకోని ఒక జబ్బు భిక్షువును భగవాన్ బుద్ధుడు ఆనందుడితో కలిసి స్వయంగా కడిగి, పడుకోబెట్టాడు. రోగికి చేసిన సేవ తనకు చేసినట్టేనన్నాడు. విహారానికి రాలేకపోయానని బాధపడకు. నువ్వు బిడ్డ పక్కన మేలుకున్న రాత్రి కూడా ధమ్మమే.

ఇక పక్కింటివాళ్లారా, ఆ తల్లికి ఒక పూట అన్నం వండి పెట్టండి, ఒక రాత్రి ఆమెను నిద్రపోనివ్వండి. రమాబాయి జయంతికి పూలదండ వేసే చేతులు ఆ పని కూడా చెయ్యాలి.

నమో బుద్ధాయ. జై భీమ్.