మూడో స్థానం గుట్టు విప్పిన రామచంద్రన్

మద్రాసు విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర విభాగాధిపతిగా 1952లో బాధ్యతలు చేపట్టేనాటికి జి.ఎన్. రామచంద్రన్‌కు ముప్పై ఏళ్లు. ఎర్నాకుళంలో పుట్టి, బెంగళూరులో సి.వి. రామన్ వద్ద పరిశోధన చేసి, కేంబ్రిడ్జిలో డాక్టరేట్ పొందారు. మద్రాసులో ఏం చేయాలా అని ఆలోచిస్తున్న సమయంలో అక్కడికి వచ్చిన బ్రిటిష్ శాస్త్రవేత్త బెర్నాల్, కొల్లాజెన్ నిర్మాణం ఇంకా ఎవరికీ అంతుపట్టలేదని చెప్పారు.

చర్మం, ఎముక, స్నాయువులకు గట్టితనమిచ్చే ప్రోటీన్ అది. పక్కనే ఉన్న కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ నుంచి కంగారూ తోక స్నాయువు దొరికింది. ఎక్స్‌రే చిత్రాలు తీసి, గోపీనాథ్ కర్తాతో కలిసి 1954లో నేచర్ పత్రికలో మూడు పేటల తాడులాంటి నమూనా ప్రకటించారు. మరుసటి ఏడాది దాన్ని సవరించారు.

కొల్లాజెన్‌లోని అమైనో ఆమ్లాల్లో మూడో వంతు గ్లైసీన్ ఎందుకుందో ఆ నమూనా చెప్పింది. మూడు పేటలు బిగుతుగా పెనవేసుకున్నప్పుడు ప్రతి మూడో ఆమ్లం తాడు నడిమికి వస్తుంది. అక్కడ చోటు బహు తక్కువ. పక్క గొలుసుగా ఒక్క హైడ్రోజన్ పరమాణువే ఉన్న గ్లైసీన్ మాత్రమే అందులో ఇముడుతుంది. జన్యులోపం వల్ల ఒక్క గ్లైసీన్ స్థానంలో మరో ఆమ్లం చేరినా పిల్లల ఎముకలు పెళుసుబారి విరిగిపోవచ్చని తర్వాతి తరం వైద్యులు గుర్తించారు.

క్రిక్, రిచ్‌లు ఊరుకోలేదు. ఆ నమూనాలో కొన్ని పరమాణువులు మరీ దగ్గరగా ఉన్నాయని అభ్యంతరం చెప్పారు. అది న్యాయమైన ప్రశ్నే. పరమాణువులు నిజంగా ఎంత దగ్గరకు రాగలవో తేల్చడానికి రామచంద్రన్ అప్పటికి తెలిసిన స్ఫటిక నిర్మాణాలన్నీ తిరగేశారు. ఆ కొలతలతో శశిశేఖరన్, రామకృష్ణన్‌లతో కలిసి ప్రతి ఆమ్లం దగ్గరా గొలుసు తిరగగల రెండు కోణాలను లెక్కగట్టి 1963లో ఒక పటం గీశారు. అందులో అధిక భాగం నిషిద్ధ ప్రాంతమే. గ్లైసీన్‌కు స్వేచ్ఛ ఎక్కువ, ఉంగరంలో చిక్కుకున్న ప్రోలీన్‌కు చాలా తక్కువ.

1970ల మొదట్లో ఆయన బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు వెళ్లి అణు జీవభౌతిక విభాగాన్ని నెలకొల్పారు. 1977లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. నోబెల్ మాత్రం రాలేదు. చివరి ఏళ్లలో పార్కిన్సన్స్ వ్యాధితో బాధపడుతూ 2001 ఏప్రిల్ 7న చెన్నైలో కన్నుమూశారు. నేటికీ ఏ ప్రయోగశాల కొత్త ప్రోటీన్ నిర్మాణాన్ని ప్రకటించినా, అందులోని ఆమ్లాలు రామచంద్రన్ పటంలో ఎక్కడ పడ్డాయో చూస్తారు. హద్దు దాటినవి ఎక్కువుంటే ఆ నిర్మాణాన్ని మళ్లీ సరిచూసుకోవాల్సిందే.