అడ్మిరల్ జుమ్‌వాల్ట్ – నౌకలోని ధూళి

అమెరికా నౌకాదళ చరిత్రలో సంస్కర్తగా పేరొందిన అడ్మిరల్ ఎల్మో జుమ్‌వాల్ట్ జీవితాన్ని మేము ఇక్కడ వ్రాయబూనడానికి కారణం ఆయన కీర్తి ఒక్కటే కాదు. మూడు యుద్ధాలలో శత్రువు గుండుకు చిక్కని ఆ యోధుని 79వ ఏట కంటికి కనిపించని ధూళి బలిగొన్నది.

ఆయన 1920 నవంబరు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలో జన్మించారు. తల్లిదండ్రులు ఇరువురూ వైద్యులే. 1942లో అనాపొలిస్ నౌకాదళ అకాడమీ చదువు ముగించి డిస్ట్రాయర్ నౌకలలో చేరారు. 1944 అక్టోబరులో, ఫిలిప్పీన్స్ దీవుల నడుమ సూరిగావ్ జలసంధిలో జరిగిన రాత్రియుద్ధంలో ‘రాబిన్సన్’ నౌకపై చేసిన సేవకు కాంస్య నక్షత్ర పతకం పొందారు. కొరియా యుద్ధకాలంలో ‘విస్కాన్సిన్’ అనే మహాయుద్ధనౌకకు మార్గనిర్దేశకుడైన అధికారిగా పనిచేశారు.

ఆ నౌకల నిర్మాణాన్ని గూర్చి కొంత చెప్పక తప్పదు. ‘విస్కాన్సిన్’ను నడిపినది ఆవిరి. ఎనిమిది బాయిలర్లలో పుట్టిన ఆవిరి ఎంతో పొడవైన గొట్టాల గుండా ప్రవహించేది. ఆ వేడి మనుషులను కాల్చకుండా, నౌకకు నిప్పు అంటుకోకుండా గొట్టాలకు, బాయిలర్లకు ఆస్‌బెస్టాస్ తొడుగులు వేసేవారు. తెలుగులో దీనినే రాతినార అంటాము. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో త్రవ్వి తీసినదీ, మన ఇండ్ల సిమెంటు రేకులలో కలిసినదీ ఇదే. నావికులు ఆ గొట్టాల క్రిందనే భుజించారు, నిద్రించారు. మరమ్మతు చేసినపుడెల్లా తొడుగు చిట్లి ధూళి రేగేది. దానిని ఎవరూ విషమని తలచలేదు; నిప్పు నుండి కాపాడే కవచమనే తలచారు.

శాస్త్రజ్ఞులు సైతం తొలుత పొరబడ్డారు. యుద్ధకాలపు నౌకానిర్మాణశాలలలో గొట్టాలకు తొడుగులు వేసే వెయ్యిమందికి పైగా కార్మికులను పరీక్షించిన ఒక పరిశీలన 1946లో వెలువడి, ఆ పనిలో అంత ప్రమాదం లేదని తేల్చింది. కాని వారిలో అత్యధికులు పదేళ్లయినా ఆ పని చేసినవారు కారు! ఈ నారపోగు ఊపిరితిత్తుల పొరలో చేరి సాధారణంగా ఇరవై మొదలు యాభై ఏళ్లు నిద్రించి, ఆ పిమ్మట మీసోథీలియోమా అనే కేన్సరుగా మేల్కొంటుంది. 1960లో దక్షిణాఫ్రికా నుండి, 1964లో న్యూయార్కు వైద్యుడు సెలికాఫ్ కృషి వలన ఈ సంబంధం లోకానికి రుజువయింది.

1968లో జుమ్‌వాల్ట్ వియత్నాంలోని అమెరికా నౌకాబలాలకు అధిపతి అయ్యారు. నదుల ఒడ్డున పొదలలో పొంచిన శత్రువు నుండి తన పడవలను కాపాడుకోవడానికి, ఆకులు రాల్చే ‘ఏజెంట్ ఆరెంజ్’ రసాయనాన్ని చల్లించారు. ఆ నదులలోనే పడవ నడిపిన ఆయన కుమారుడు 1988లో, నలభై రెండేళ్లకే కేన్సరుతో మరణించాడు. తన ఆజ్ఞయే కుమారుని వ్యాధికి మూలమని తండ్రి నమ్మారు. అయినను ఆ ఆజ్ఞ అనేక ప్రాణాలను నిలిపిందనే చివరివరకూ వాదించారు. ఇంతటి బరువును మోస్తూ ఆయన ఊరకుండలేదు. ఆ రసాయనానికీ రోగాలకూ గల సంబంధంపై 1990లో ప్రభుత్వానికి నివేదిక సమర్పించి, మాజీ సైనికుల పక్షాన నిలిచారు.

1970లో, 49 ఏళ్ల వయసుకే నౌకాదళ ప్రధానాధిపతి అయ్యారు. అంతకు ముందు ఆ పదవిని అంత చిన్న వయసులో ఎవరూ చేపట్టలేదు. ఆ ఏటి డిసెంబరులోనే నల్లజాతి నావికులకు సమానావకాశాలు కల్పించవలెనని ఉత్తర్వు పంపారు. 1971లో శామ్యూల్ గ్రేవ్‌లీ అడ్మిరల్ హోదా పొందిన తొలి నల్లజాతీయుడయ్యాడు. అల్పసంఖ్యాకుల కళాశాలలో చదివే మా మిత్రులు ఈ ఘట్టాన్ని ప్రత్యేకంగా గమనింతురు గాక. అయితే ఆయన ఆ పదవి చేపట్టేనాటికి రాతినారపై రుజువులు వెలువడినవే. పాత నౌకల తొడుగులు మాత్రం అట్లే ఉండిపోయాయి. సంస్కర్త పాలనలోనూ ఇది జరిగినదే!

మీసోథీలియోమా ఆయనలో బయటపడేసరికి తొలిసారి నౌక ఎక్కి అర్ధశతాబ్దం దాటిపోయింది. నౌకాదళ సేవలో పీల్చిన ధూళియే కారణమని భావించారు. ఏ నౌకలో, ఏ రాత్రి ఆ పోగు లోనికి ప్రవేశించినదో చెప్పగలవారెవరు? 2000 జనవరి 2న డర్హమ్ నగరంలోని ఆసుపత్రిలో కన్నుమూశారు. అనాపొలిస్‌లో, తాను చదివిన అకాడమీ శ్మశానవాటికలోనే ఆయనను ఖననం చేశారు. అదే సంవత్సరం డిసెంబరులో ‘విస్కాన్సిన్’ నార్ఫోక్ రేవును చేరి ప్రదర్శననౌకగా నిలిచింది.