కృష్ణాతీరపు ఇంజనీరు – డాక్టర్ కె.ఎల్. రావు

సహ్యాద్రి పర్వతాలలో మహాబలేశ్వరం వద్ద జన్మించిన కృష్ణానది సుమారు 1400 కిలోమీటర్లు పయనించి హంసలదీవి వద్ద సాగరంలో సంగమిస్తుంది. బృహస్పతి కన్యారాశిలో ప్రవేశించినప్పుడు పుష్కరస్నానాలకు జనం తరలివచ్చే పుణ్యనది ఇది. అమరావతి స్తూపం వెలసినదీ, అమరేశ్వరుడు కొలువైనదీ దీని ఒడ్డుననే. అయినా ఆ నీటి ఫలం అందరికీ సమంగా అందలేదు. 1855 నాటికి బెజవాడ వద్ద పూర్తయిన ఆనకట్ట డెల్టాను సస్యశ్యామలం చేసింది. పల్నాటి మెరకభూములకు మాత్రం వానే దిక్కయింది. నది లోతున పారుతుంటే, గట్టుమీది పైరు ఎండిపోయేది. ఈ వైరుధ్యాన్ని తొలగించడానికి తన విద్యను వినియోగించిన మహనీయుడు డాక్టర్ కానూరి లక్ష్మణరావు.

ఆయన 1902 జులై 15న కృష్ణాజిల్లా కంకిపాడులో జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయారు. పాఠశాలలో చదివేనాడు ఆటలో గాయపడి ఒక కంటి చూపు పోయింది. అయినా ఆయన చదువు ఆగలేదు. మద్రాసులో ఇంజనీరింగు అభ్యసించి, 1939లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. రంగూన్‌లో అధ్యాపకులుగా కూడా పనిచేశారు. స్వదేశంలో మద్రాసు ప్రభుత్వ ఇంజనీరుగానూ, తరువాత ఢిల్లీలో కేంద్ర జల, విద్యుత్ సంఘంలోనూ ఉన్నత బాధ్యతలు నిర్వహించారు.

నందికొండ వద్ద కృష్ణకు అడ్డుకట్ట వేయాలన్న ఆంధ్రుల చిరకాల వాంఛ నాగార్జునసాగర్ రూపంలో ఫలించింది. 1955 డిసెంబరు 10న ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేశారు. సిమెంటు కొరతగా ఉన్న రోజులవి. యంత్రాలు కొనడానికి విదేశీ మారకద్రవ్యమూ చాలదు. మన దగ్గర రాయికీ, రాతిపని తెలిసిన చేతులకూ కొదవలేదు. అందుచేత రాతికట్టడమే మేలని లక్ష్మణరావు భావించారు. వేలాదిమంది శ్రమతో లేచిన ఆ ఆనకట్ట ప్రపంచంలోని రాతి ఆనకట్టలలో అతి పెద్దదిగా ఖ్యాతి పొందింది. 1967 ఆగస్టు 4న ప్రధాని ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. కుడివైపు జవహర్ కాలువ గుంటూరు, ప్రకాశం ప్రాంతాలకూ, ఎడమవైపు లాల్‌బహదూర్ కాలువ నల్లగొండ, ఖమ్మం ప్రాంతాలకూ జీవం పోశాయి.

ఈ మేలు త్యాగం లేకుండా సిద్ధించలేదు. లోయలోని పల్లెవాసులు పుట్టిన నేలను విడిచిపోయారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి నీట మునిగింది. ముంపుకు ముందు పురాతత్త్వవేత్తలు 1954 నుండి 1960 వరకు తవ్వకాలు సాగించి, విలువైన కట్టడాలను నాగార్జునకొండ మీదికీ, అనుపుకూ తరలించి తిరిగి నిలబెట్టారు. పంటనిచ్చే నీటికి చరిత్ర ఎంత మూల్యం చెల్లించిందో ఆ శిథిలాలు నేటికీ చెబుతున్నాయి.

లక్ష్మణరావు 1962, 1967, 1971 ఎన్నికలలో విజయవాడ నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1963లో పద్మభూషణ్ పురస్కారం అందుకున్నారు. ఆ యేడే కేంద్ర మంత్రివర్గంలో చేరి, పదేళ్లు నీటిపారుదల, విద్యుచ్ఛక్తి శాఖను చూశారు. ఉత్తరాన వరద, దక్షిణాన కరవు ఒకే దేశంలో ఉండడం ఆయనను కలవరపెట్టింది. పాట్నా వద్ద గంగాజలాన్ని ఎత్తిపోసి కావేరికి చేర్చే పథకాన్ని 1972లో ప్రతిపాదించారు. నీటిని ఎత్తడానికి అపారమైన విద్యుత్తు, ధనం కావలసిరావడంతో అది ఆచరణకు రాలేదు. అయినా నదుల అనుసంధానమన్న ఆలోచనను దేశం ముందు నిలిపిన ఘనత ఆయనది.

1986 మే 18న ఆయన కీర్తిశేషులయ్యారు. సాగర్‌కు దిగువన ఉపనదుల వరదను ఒడిసిపట్టి డెల్టాకు అందించేందుకు పులిచింతల వద్ద నిర్మించిన జలాశయం 2013లో ప్రారంభమైంది. దాని నిల్వ సామర్థ్యం 45.77 టి.ఎం.సి.లు. దానికి కె.ఎల్. రావు సాగర్ అని పేరు పెట్టారు. అక్కడ విడిచిన నీరు అమరావతి రేవును తాకి, తుళ్లూరు ప్రాంతపు నల్లరేగడి పొలాల పక్కగా ప్రకాశం బ్యారేజీకి చేరుతుంది. కంకిపాడు బాలుని పేరు, అతడు ప్రేమించిన నదితో అలా శాశ్వతంగా ముడిపడింది.