వడ్రంగం నేర్చిన చేతి వైద్యులు డాక్టర్ పాల్ బ్రాండ్

మన సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతంలో చెయ్యి విలువ ఒకరు చెప్పవలసిన పని లేదు. ప్రెస్సు మిషను మీద, లేతు మీద పని చేసే మజ్దూరుకు ఆస్తి అంటూ ఉంటే అది అతని రెండు చేతులే. ఆ చేతికి దెబ్బ తగిలిననాడు ఇంట్లో పొయ్యి చల్లబడుతుంది, పిల్లల చదువు ఆగిపోతుంది.

మా బడిలో చదివే ఒక పిల్లవాని తండ్రికి కొన్నేండ్ల క్రితం మణికట్టు దగ్గర ఇనుప రేకు కోసుకుపోయింది. దవాఖానలో తెగిన నరాన్ని చక్కగా కుట్టారు. రెండు నెలలకు వేళ్లు కదిలినాయి. ఇంకేమి, చెయ్యి బాగయిందని ఆయన వ్యాయామానికి పోవడం మానేశారు. ఒకనాడు వేడి చాయ్ గ్లాసు పట్టుకుని ముచ్చట్లలో పడితే వేళ్లకు బొబ్బలు లేచినాయి. చూసేదాకా ఆయనకు తెలియనే లేదు. ఆ పుండు మానడానికి ఆపరేషన్ కంటే ఎక్కువ దినాలు పట్టింది. బాగు చేసిన చెయ్యి మళ్లీ ఎందుకు చెడిపోయింది అని మాకు అప్పుడు అర్థం కాలేదు. డాక్టర్ పాల్ బ్రాండ్ గారి జీవితం చదివిన తర్వాతనే జవాబు దొరికింది. ఆ జీవితాన్ని మన సంఘ సభ్యులకు, వారి కుటుంబాలకు తెలియజేయాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

బ్రాండ్ గారు 1914 జూలై 17న తమిళనాడులోని కొల్లి కొండలలో జన్మించారు. తల్లిదండ్రులు ఇంగ్లండు నుంచి వచ్చిన మిషనరీలు. ఆ కొండల్లో డాక్టరు లేడు గనుక తండ్రియే పుండ్లు కడిగి కట్లు కట్టేవారు. ఆ చీము, రక్తము చూసిన పిల్లవానికి వైద్యమంటేనే అసహ్యం పుట్టింది. తొమ్మిదేండ్ల వయసులో చదువు కోసం ఇంగ్లండు పంపించారు. 1929లో తండ్రి ఈ దేశంలోనే జ్వరంతో మరణించారు. మళ్లీ తండ్రి ముఖం చూసే భాగ్యం ఆ అబ్బాయికి కలగలేదు.

డాక్టరు కావడం ఇష్టం లేక బ్రాండ్ గారు ఇండ్లు కట్టే పనిలో చేరి, వడ్రంగం, తాపీపని కొన్నేండ్ల పాటు నేర్చుకున్నారు. తర్వాత కొద్ది కాలం వైద్య శిక్షణ పొందినప్పుడు మనసు మారి, లండన్‌లో వైద్యవిద్య పూర్తి చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు పడుతున్న రోజుల్లోనే శస్త్రచికిత్స నేర్చారు. తోటి విద్యార్థిని మార్గరెట్ గారిని 1943లో వివాహమాడారు. ఆమె తర్వాత కుష్ఠు రోగుల కంటి జబ్బులకు పేరుపొందిన వైద్యురాలయ్యారు.

1946లో బ్రాండ్ గారు వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో శస్త్రచికిత్స చెప్పడానికి వచ్చారు. మరుసటి సంవత్సరం, కుష్ఠు వైద్యంలో పేరుగాంచిన డాక్టర్ రాబర్ట్ కాక్రేన్ గారు వారిని చెంగల్పట్టు కుష్ఠు ఆశ్రమం చూడడానికి తీసుకుపోయారు. అక్కడ ఎవరి చెయ్యి చూసినా గద్ద గోళ్ల మాదిరిగా వంకరపోయి ఉంది. ఇవి ఎందుకిట్లా అయితాయి, బాగు చేసే దారి ఏదైనా ఉందా అని అడిగితే, ఆ సంగతి పరిశోధించిన ఎముకల వైద్యుడే లేడని తేలింది. బ్రాండ్ గారు ఒక యువకుని వంకర చేతిలో తన చెయ్యి పెట్టి గట్టిగా నొక్కమన్నారు. అతడు నొక్కితే డాక్టరు గారికే నొప్పి పుట్టింది. అంటే కండరం చావలేదు, లోపల బలం ఉంది! ఆ నొప్పి నుంచే వారి జీవిత కార్యం మొదలైంది.

ఆనాడు కుష్ఠు రోగులంటే అందరికీ భయం. మన నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ గారు 1915లోనే ఆ రోగుల కోసం ఆస్పత్రి తెరిచిన సంగతి మన పెద్దలకు తెలుసు. అయినా సామాన్య ఆస్పత్రి వార్డులో వారికి మంచం దొరకడం గగనమే. ఆ జబ్బులో మాంసమే కుళ్లిపోతుంది, కత్తి పెడితే మానదు అనే నమ్మకం డాక్టర్లలో కూడా ఉండేది. బ్రాండ్ గారు వందల చేతులను పరీక్షించారు. చనిపోయిన రోగుల శరీరాలను కోసి నరాలను చూశారు. మోచేయి దగ్గర, మణికట్టు దగ్గర, అనగా నరం చర్మానికి దగ్గరగా, చల్లగా ఉండే చోట్లనే అది వాచి చెడిపోతున్నది. ముంజేతి పైభాగంలో ఉన్న కండరాలు మాత్రం చాలావరకు క్షేమంగా ఉన్నాయి.

ఇక్కడ వారి పద్ధతి కొంచెం చెప్పాలి. కండరాన్ని ఎముకతో కలిపే తాడు వంటి భాగాన్ని స్నాయువు అంటారు, డాక్టర్లు టెండాన్ అంటారు. ఒక నాగలికి కట్టిన ఎద్దును విప్పి ఇంకొక నాగలికి కట్టినట్లు, బాగున్న కండరం యొక్క స్నాయువును తీసి, పని మానేసిన చోట కట్టడమే ఈ ఆపరేషన్. పోలియో రోగులకు, యుద్ధంలో గాయపడినవారికి అంతకు ముందే ఇది చేస్తున్నారు. 1948 ప్రాంతంలో బ్రాండ్ గారు కుష్ఠు రోగుల చేతులకు మొదలుపెట్టారు. గాయాలు అందరికీ మానినట్లే మానినాయి. ఏండ్ల తరబడి మూసుకుపోయిన చేతులు తెరుచుకున్నాయి.

అయితే మేము ముఖ్యంగా చెప్పదలచినది ఆ తర్వాతి కథ. బ్రాండ్ గారు ఆపరేషన్ చేసి మరిచిపోయే మనిషి కాదు. పాత రోగులను మళ్లీ పిలిపించి కొలతలు తీసి చూసేవారు. మొదట్లో వేలిని వంచే రెండు స్నాయువులలో ఒకటి తీసి మార్చేవారు. కొందరిలో అది ఎక్కువగా లాగి, నడిమి కీలు వెనక్కి విరుచుకుని, కొస ముందుకు వంగి, వేలు హంస మెడ మాదిరిగా తయారయింది. ఒక వంకర పోయి ఇంకొక వంకర వచ్చింది. వారు దానిని దాచలేదు. మణికట్టును పైకి ఎత్తే కండరాన్ని తీసుకుని, కాలి పిక్కలోని సన్నని స్నాయువును దానికి అతికించి, నాలుగు పాయలుగా చీల్చి, నాలుగు వేళ్లకు కట్టే పద్ధతి తెచ్చారు. బిగుసుకుపోయిన కీళ్లను ముందు వ్యాయామంతో సడలించకుండా కత్తి ముట్టేవారు కాదు. పట్టీ విప్పిన తర్వాత అసలు పాఠం మొదలయ్యేది. నిన్నటిదాకా మణికట్టు ఎత్తిన కండరం నేటి నుంచి వేళ్లను కదపాలి. అది మెదడుకు కొత్త అక్షరాభ్యాసమే. రోగి ఓపిక పట్టి నేర్చుకోకపోతే ఎంత గొప్ప ఆపరేషన్ అయినా వృథాయే.

ఇంకొక చిక్కు వచ్చింది. చేతులు బాగయిన ఒకరు తిరిగి వచ్చి, ఇప్పుడు నాకు బిచ్చం కూడా పడటం లేదని మొరపెట్టుకున్నారు. పని ఇవ్వడానికి ఎవరూ సిద్ధంగా లేరు, ఎందుకంటే జబ్బు పేరు పోలేదు. హునర్ లేని చెయ్యి బాగయి ఏమి లాభం? అందుకని కాలేజీ ఆవరణలో నవజీవన కేంద్రం పెట్టి, బాగయినవారికి చేతిపనులు నేర్పించారు. యవ్వనంలో నేర్చిన వడ్రంగం అప్పుడు అక్కరకు వచ్చింది. ఎఫ్.ఆర్.సి.ఎస్. చదివిన సర్జన్ గారు రంపం పట్టుకుని ఉస్తాద్‌గా నిలబడ్డారు.

అక్కడనే పెద్ద రహస్యం బయటపడింది. ఒకరోజు తుప్పు పట్టిన తాళం బ్రాండ్ గారికి రాలేదు. పదేండ్ల రోగి పిల్లవాడొకడు తాళంచెవి అందుకుని అవలీలగా తిప్పేశాడు. చూస్తే వాని వేలు ఎముక దాకా కోసుకుపోయి రక్తం కారుతున్నది, వానికి తెలియనే లేదు! కొందరి వేళ్లు రాత్రికి రాత్రి మాయమయ్యేవి. కాపలా కాచి చూస్తే ఎలుకలు కొరుకుతున్నాయి. నొప్పి లేదు గనుక మనిషి లేవడం లేదు. ఆనాటి నుంచి రోగులు పిల్లులను పెంచుకున్నారు. వేళ్లను తినేది జబ్బు కాదని, నొప్పి తెలియక తగిలే గాయాలేనని బ్రాండ్ గారు నిరూపించారు. బాగు చేసిన చెయ్యి ఎక్కువ పని చేస్తుంది గనుక దానికే ప్రమాదం ఎక్కువ అని కూడా గ్రహించారు. పనిముట్ల పిడులు మార్చారు. ప్రతి సాయంత్రం చేతులు, కాళ్లు కండ్లతో చూసుకునే అలవాటు నేర్పించారు.

ఒకసారి లండన్‌లో రాత్రి పడుకోబోతూ తన మడమకు స్పర్శ లేదని గమనించి, తనకూ జబ్బు అంటుకుందని తెల్లవార్లూ కుమిలిపోయారు. పొద్దున సూదితో గుచ్చుకుంటే చురుక్కుమన్నది. ఆ నొప్పికి దేవునికి కృతజ్ఞత చెప్పుకున్నారు. వారి మతం వారిది. నొప్పి దేవుడిచ్చిన వరం అన్న వారి నమ్మకంలో మాత్రం మనకూ పాఠం ఉంది.

1952లో లండన్ రాయల్ కాలేజీలో హంటేరియన్ ఉపన్యాసం, 1960లో లాస్కర్ అవార్డు వారికి గౌరవాలు. 1966లో అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆస్పత్రికి వెళ్లి ఇరవై ఏండ్లు పని చేశారు. అక్కడ నొప్పికి బదులు హెచ్చరిక ఇచ్చే యంత్రం చేయాలని ప్రయత్నించి విఫలులయ్యారు. యంత్రం హెచ్చరించినా మనిషి మీట ఆర్పేసి పని చేసుకునేవాడు. షుగరు వ్యాధిలో స్పర్శ పోయిన పాదాలను కాపాడడానికి కూడా వారి పద్ధతులే ఉపయోగపడినాయి. 2003 జూలై 8న సియాటిల్ నగరంలో కన్నుమూశారు. వెల్లూరులో చేతి శస్త్రచికిత్స కేంద్రం నేడు వారి పేరుతోనే నడుస్తున్నది.

ఇప్పుడు మన పిల్లవాని తండ్రి సంగతి. కుష్ఠులో చెడిన నరం వేరు, రేకుకు తెగిన నరం వేరు. తెగి కుట్టిన నరం సుమారుగా రోజుకు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. మణికట్టు నుంచి వేలి కొసకు పదిహేను, పదహారు సెంటీమీటర్లు. అనగా స్పర్శ చేరడానికి అయిదు నెలలు దాటవచ్చు. పెద్దవారిలో పూర్వపు మాదిరి పూర్తిగా రాకపోవడం కూడా మామూలే. ఆలోగా వేళ్లు కదిలినా కాపలాదారు ఇంకా డ్యూటీకి రాలేదన్న మాట. చాయ్ గ్లాసు, బీడీ, పొయ్యి, మిషను అన్నిటి దగ్గర కన్నే కాపలా కాయాలి.

మన బస్తీలలో ఇటువంటి సోదరులున్నారు. ఆపరేషన్ నాడు చుట్టపక్కాలు అందరమూ దవాఖానకు పోతాము. మూడో నెల వ్యాయామానికి తోడు పోయేవారు ఎవరూ ఉండరు. ఆ దినాల బస్సు కిరాయి, ఇంటి ఖర్చు, ఆ తర్వాత చేయగల పని మన సంఘం చూడగలిగితే డాక్టరు కుట్టిన కుట్టుకు ఫలితం దక్కుతుంది. చెయ్యి బాగు చేయడం సర్జన్ వల్ల అయితుంది. ఆ చేతికి మళ్లీ రోజీ, ఇజ్జత్ దొరికేటట్లు చూడడం మనందరి బాధ్యత అని మేము భావిస్తున్నాము.