తిరగలి తిప్పిన మౌలానా హస్రత్ మోహానీ

1982లో వచ్చిన 'నికాహ్' సినిమాలో గులాం అలీ పాడిన గజల్ మన ఇళ్లలో వినని వారు అరుదు. వరంగల్ నుంచి విజయవాడ దాకా కార్మికుల ఊరేగింపుల్లో మారుమోగే 'ఇంక్విలాబ్ జిందాబాద్' నినాదం విననివారూ లేరు. ఆ గజల్ రాసిన కవి, ఆ నినాదాన్ని దేశానికిచ్చిన నాయకుడు ఒక్కరేనని చెబితే మా విద్యార్థుల్లో చాలామంది నమ్మరు. ఆయన గడ్డం పెంచిన, నమాజు తప్పని మౌలానా అని, పైగా తనను తాను కమ్యూనిస్టునని చెప్పుకున్నారని అంటే పెద్దలూ ఆశ్చర్యపోతారు.

ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లాలో మోహాన్ అనే చిన్న ఖస్బా ఉంది. సయ్యద్ ఫజ్లుల్ హసన్ అక్కడే జన్మించారు. హస్రత్ అన్నది కలం పేరు, మోహానీ అన్నది ఊరి పేరు. అలీగఢ్ కళాశాలలో చదివి 1903లో బి.ఏ. పూర్తి చేశారు. అలీగఢ్ పట్టభద్రులకు సర్కారు కొలువు దొరకడం ఆ రోజుల్లో కష్టం కాదు. ఆయన అటువైపు కన్నెత్తి చూడలేదు. అదే ఏడాది 'ఉర్దూ-ఎ-ముఅల్లా' పత్రిక ప్రారంభించారు.

అప్పటి కాంగ్రెసులో మితవాదులదే పైచేయి. ఫిరోజ్‌షా మెహతా, గోఖలే వంటి పెద్దలు ఉదారవాదాన్ని ఇంగ్లండు గ్రంథాల్లో చదువుకున్నారు. వ్యక్తి స్వేచ్ఛ, పత్రికా స్వేచ్ఛ, చట్టబద్ధ పాలన అంటూ ఆంగ్లేయులు చెప్పే మాటలను ఆంగ్లేయులకే గుర్తుచేస్తే న్యాయం జరుగుతుందని వారి నమ్మకం. హస్రత్‌కు ఈ నమ్మకం లేదు. ఆయన తిలక్‌ను నాయకుడిగా స్వీకరించారు. 1907లో సూరత్ సభలో కాంగ్రెసు చీలినప్పుడు తిలక్ వెంటే బయటికి నడిచారు.

ఇక్కడొక సంగతి గమనించాలి. అప్పుడు లండనులో ఉన్నది లిబరల్ పార్టీ ప్రభుత్వమే. భారత వ్యవహారాల మంత్రి జాన్ మోర్లీ సామాన్యుడు కాదు. గ్లాడ్‌స్టన్ జీవితచరిత్ర రాసిన పేరుమోసిన ఉదారవాది. ఆయన హయాంలోనే 1908లో తిలక్‌కు ఆరేళ్ల శిక్ష పడింది. ఈజిప్టులో బ్రిటిష్ వారి విధానాన్ని విమర్శించే వ్యాసం అచ్చువేసినందుకు అదే ఏడాది హస్రత్ మీద రాజద్రోహం కేసు పెట్టారు. ఆ వ్యాసం ఆయన రాసింది కాదు. రాసినవారి పేరు చెప్పమని ఎంత ఒత్తిడి తెచ్చినా చెప్పలేదు. సంపాదకుడిగా బాధ్యత తనదేనన్నారు. రెండేళ్ల కఠిన శిక్ష వేశారు, జరిమానా విధించారు. జరిమానా కింద, ఏళ్ల తరబడి సేకరించిన అరుదైన పుస్తకాలను చవక ధరకు వేలం వేశారు. పుస్తకాల విలువ తెలిసినవారికి ఇది జైలుకన్నా పెద్ద శిక్ష.

అలహాబాదు దగ్గరి నైనీ జైలులో ఆయన చేత రోజుకు ఒక మణుగు గోధుమలు విసిరించారు. తిరగలి తిప్పుతూనే గజళ్లు అల్లుకున్నారు. అరెస్టు నాటికి ఇంట్లో పసిబిడ్డ జబ్బుతో ఉంది. ఆ స్థితిలోనూ భార్య నిషాతున్నిసా బేగం, కష్టాన్ని ధైర్యంగా ఎదుర్కోవాలని, తన గురించీ ఇంటి గురించీ చింతపడవద్దని ఆయనకు ఉత్తరం పంపారు. ఈ మహా ఇల్లాలి పేరు మన పిల్లలకు తెలియకపోవడం మాకు బాధ కలిగిస్తుంది. శిక్ష తగ్గి, ఏడాదికి ఆయన విడుదలయ్యారు. పత్రిక మళ్లీ నడిపారు. 1913లో ప్రభుత్వం భారీ ధరావతు కట్టమనడంతో అది మూతపడింది. పొట్టకూటికి స్వదేశీ దుకాణం పెట్టుకున్నారు. 1916లో మళ్లీ నిర్బంధం.

1921 డిసెంబరులో అహమ్మదాబాదు కాంగ్రెసు సభ జరిగింది. ఖిలాఫత్, సహాయ నిరాకరణ ఉద్యమాలు ఉధృతంగా ఉన్న రోజులవి. స్వరాజ్యమంటే విదేశీ అదుపు ఏమాత్రం లేని సంపూర్ణ స్వాతంత్ర్యమని తేల్చి చెప్పాలంటూ మౌలానా తీర్మానం పెట్టారు. గాంధీజీ దానిని బాధ్యత లేని మాటగా భావించి గట్టిగా వ్యతిరేకించారు. తీర్మానం వీగిపోయింది. అదే మాటను కాంగ్రెసు లాహోరులో ఆమోదించింది 1929 డిసెంబరులో. అదే ఏడాది ఏప్రిల్‌లో భగత్‌సింగ్, బటుకేశ్వర్ దత్ కేంద్ర శాసనసభలో మౌలానా నినాదాన్నే ఎలుగెత్తి చాటారు. ఇంక్విలాబ్ అంటే తలకిందులు కావడం, మారడం. అరబీలో హృదయాన్ని సూచించే 'ఖల్బ్' పదానికీ ధాతువు ఇదే.

1924లో జైలు నుంచి వచ్చేసరికి ఉద్యమాలు చల్లబడ్డాయి, మతకలహాలు పెరిగాయి. మౌలానా మిల్లు కార్మికుల నగరమైన కాన్పూరులో స్థిరపడ్డారు. 1925 డిసెంబరులో అక్కడ తొలి కమ్యూనిస్టు మహాసభ జరిగింది. అధ్యక్షుడు మద్రాసుకు చెందిన సింగారవేలు చెట్టియార్, ఆహ్వాన సంఘాధ్యక్షుడు మౌలానా. తన ప్రసంగంలో ఆయన అపోహలను ఒక్కొక్కటిగా విప్పి చూపారు. కమ్యూనిజం వస్తే ఒంటిమీద గుడ్డ కూడా సర్కారుదే అవుతుందని భయపెట్టేవారు అప్పుడూ ఉన్నారు. వాడుకునే గొడుగు, గిన్నెలు, పరుపులు మనిషివేనని, ఉమ్మడి కావలసినవి భూములూ కర్మాగారాలూ అని ఆయన వివరించారు. ఇస్లాంకు ఇది విరోధం కాదని, ధనాన్ని గుట్టలు పోసి దాచడాన్ని ఇస్లాం అంతకన్నా తీవ్రంగా ఖండించిందని, జకాత్ విధి కావడం అందుకేనని వాదించారు. ఆస్తికులకూ నాస్తికులకూ సంఘంలో సమానంగా చోటుంటుందని హామీ ఇచ్చారు.

ఈ చివరి హామీ దగ్గర మేము కాసేపు ఆగవలసి ఉంది. మౌలానా కాన్పూరులో ఆ మాట చెప్పిన కొన్నేళ్లకే సోవియట్ ప్రభుత్వం బుఖారా, సమర్కందుల్లో మసీదులకూ మదర్సాలకూ తాళాలు వేసింది. బుఖారాలోని ప్రసిద్ధ మీర్-ఎ-అరబ్ మదర్సాను 1940లలో గానీ తిరిగి తెరవనివ్వలేదు. ఉదారవాదులు లండనులో ఒకటి చెప్పి నైనీ జైలులో ఇంకొకటి చేసినట్టే, సమానత్వం పేర వచ్చినవారూ చేశారు. మౌలానా మొదటిదాన్ని తన భుజాల నొప్పితో తెలుసుకున్నారు. రెండోది ఆయనకు దూరాన జరిగింది. మదర్సాలో చదువుకున్న మాకు అంత దూరంగా అనిపించదు.

అయినా ఆయన ఎవరి మూసలోనూ ఇమిడే మనిషి కాదు. పదిసార్లకు పైగా హజ్ చేశారు. ఫిరంగీ మహల్ పెద్దల మురీదు. శ్రీకృష్ణుడిపై కవితలు రాశారు, మథురకు వెళ్లేవారు. దీన్ని తప్పుపట్టిన ఉలమా లేకపోలేదు. ముస్లిం లీగులో ఉన్నా, దేశ విభజన తర్వాత పాకిస్తానుకు తరలిపోలేదు.

రాజ్యాంగ సభలో సభ్యుడిగా కూడా అందరికీ ఎదురు నిలిచారు. కొద్దిమంది ఓటుతో ఏర్పడిన సభ ప్రజలందరి పేర ఎలా మాట్లాడుతుందని నిలదీశారు. 1949 అక్టోబరులో పీఠికపై చర్చ వచ్చినప్పుడు, సోవియట్ తరహాలో సోషలిస్టు రిపబ్లిక్‌ల సమాఖ్యగా దేశాన్ని పేర్కొనాలని సవరణ తెచ్చారు. అది నెగ్గలేదు. చివరికి రాజ్యాంగంపై సంతకం చేయలేదు. పీఠికలో 'సోషలిస్టు' పదం చేరింది 1976లో, 42వ సవరణతో. ఇక వాక్‌స్వాతంత్ర్యాన్ని అదే రాజ్యాంగం ప్రాథమిక హక్కుగా రాసిపెట్టింది. మోర్లీగారి కాలంలో అది ఉంటే 'ఉర్దూ-ఎ-ముఅల్లా' సంపాదకుడు తిరగలి తిప్పవలసి వచ్చేదా అని మాకు అనిపిస్తుంటుంది. ఆయనను జైలుకు పంపిన రాజద్రోహం సెక్షను మాత్రం శిక్షాస్మృతిలో 2024 దాకా మిగిలే ఉంది.

సభ కోసం ఢిల్లీ వెళితే మౌలానా బస పార్లమెంటు దగ్గరి మసీదులో. ప్రయాణం రైలు మూడో తరగతిలో. 1951 మే 13న లక్నోలో కన్నుమూశారు. ఫిరంగీ మహల్ వారి ఖబరస్తానులో, తన పీర్ల చెంతనే ఆయనను ఖననం చేశారు.