గల్లాపెట్టె మీది లక్ష్మిని గీసిన రవివర్మ

జహీరాబాద్ బజారులో చాలా దుకాణాల్లో గల్లాపెట్టె పైన లక్ష్మీదేవి పటం కనిపిస్తుంది. తామరపువ్వు మీద నిలబడిన చక్కని స్త్రీ, నిండుగా కట్టిన చీర, చేతుల్లో తామరలు, పక్కన కొలనులో దండ పట్టుకున్న ఏనుగు. చుట్టుపక్కల పల్లెల్లో కూడా దేవుని గూటి దగ్గర ఉండేది ఈ పటమో, దీన్ని చూసి గీసిన పటమో. ఈ రూపం అనాదిగా వస్తున్నదని అనుకునేవారే ఎక్కువ. నిజానికి దీని వయసు సుమారు 130 ఏళ్లే. గీసినవాడు రాజా రవివర్మ.

ఆయన 1848 ఏప్రిల్ 29న కేరళలోని కిళిమానూరులో పుట్టాడు. పిల్లవాడిగా ఉన్నప్పుడు సున్నం వేసిన గోడల మీద బొగ్గుతో బొమ్మలు గీసేవాడు. గోడలు పాడవుతున్నాయని ఇంట్లో పనివాళ్లు మొత్తుకున్నారు. మేనమామ రాజరాజవర్మకు బొమ్మలు వేయడం తెలుసు. ఆయన ఆ గీతలు చూసి కోప్పడలేదు, దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పాడు. పద్నాలుగో ఏట తిరువనంతపురం మహారాజు కొలువుకు తీసుకుపోయాడు.

కొలువులో తైలవర్ణాల పని తెలిసిన రామస్వామి నాయుడు కుర్రవాడికి విద్య చెప్పడానికి ఒప్పుకోలేదు. ఆయన శిష్యుడొకడు చాటుగా కొంత చూపించాడు. తర్వాత థియోడర్ జెన్సన్ అనే దొర వచ్చాడు. ఆయనా నేర్పలేదు, బొమ్మ వేస్తుంటే చూడనిచ్చాడు, అంతే. ఆ చూపుతోనే రవివర్మ పని పట్టాడు. 1873లో వియన్నా ప్రదర్శనలో ఆయన బొమ్మకు బహుమతి వచ్చింది. రాజులు, జమీందారులు కబుర్లు పంపడం మొదలైంది.

బరోడా మహారాజు పురాణ కథల బొమ్మలు కావాలన్నాడు. దేవతలకు ఏ బట్ట కట్టాలి? ఇది చిన్న సమస్య కాదు. తమ్ముడు సి. రాజరాజవర్మను వెంటబెట్టుకుని రవివర్మ ఉత్తరాది అంతా తిరిగి, ఏ ఊళ్లో ఎవరు ఏమి కట్టుకుంటారో చూశాడు. చివరికి చీరనే ఎంచుకున్నాడు. అందుకే ఆయన దమయంతి, శకుంతల, సరస్వతి మన ఇళ్లలో మసలే ఆడవాళ్లలా కనిపిస్తారు.

ఆ బొమ్మలు బరోడాలో పెడితే చూడడానికి జనం విరగబడ్డారు. కానీ చూసి వెళ్లిపోవలసిందే, అవి మహారాజు సొత్తు. బొమ్మలను అచ్చు వేయిస్తే దేశానికి మేలని దివాను టి. మాధవరావు అంతకు ముందే సలహా ఇచ్చి ఉన్నాడు. 1894లో రవివర్మ బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టాడు, జర్మనీ నుంచి పనివాళ్లను రప్పించాడు.

ఆ అచ్చు తేలికైన పని కాదు. నున్నగా చేసిన రాయి మీద బొమ్మ దించాలి. ఒక్కో రంగుకు ఒక్కో రాయి. ఒకే కాగితాన్ని అన్ని రాళ్ల మీదా వరుసగా అద్దాలి. వెంట్రుకవాసి జరిగినా అమ్మవారి ముఖం చెడుతుంది. అయినా పటాలు వేలకు వేలు వెలువడ్డాయి, కొద్ది డబ్బులకే దొరికాయి. గుడి గడప తొక్కనివ్వని కులాలవారి ఇళ్లలోకి కూడా దేవుడు అలా కాగితం మీద నడిచి వచ్చాడు. ఆడవాళ్లు ఆ పటాల మీద జరీ, తళుకులు, పూసలు కుట్టి అమ్మవారికి నిజం చీరే కట్టినట్టు ముస్తాబు చేసి అద్దం వేయించేవారు.

రవివర్మకు మాత్రం యంత్రం అప్పులే మిగిల్చింది. బొంబాయిలో ప్లేగు వచ్చి జనం ఊరు వదిలారు. యంత్రాన్ని లోనావాలా దగ్గరి మలవ్లికి మార్చాడు. జహీరాబాద్ మీదుగా పోయే రహదారినే పట్టి షోలాపూర్, పూణే దాటి పోతే ఆ ఊరు వస్తుంది. అక్కడా గట్టెక్కలేదు. 1901లో దాన్ని తన దగ్గర పనిచేసే జర్మను దొర ష్లైకర్‌కు అమ్మేశాడు. బొమ్మల హక్కులూ దానితోనే పోయాయి. తర్వాత సబ్బుల వాళ్లు, మందుల వాళ్లు ఆ దేవతలను తమ సరుకుల మీద, క్యాలెండర్ల మీద వేసుకున్నారు.

1902లో అన్నదమ్ములు హైదరాబాద్ వచ్చారు. ఫొటోల దీన్‌దయాళ్ ఇంట బస చేసి నిజాం మహబూబ్ అలీఖాన్ పిలుపు కోసం ఎదురుచూశారు. అనుకున్న పని దక్కలేదు. దేశమంతా పేరు మోగిన మనిషికి మన రాజధానిలో జరిగింది ఇదీ.

1905లో తమ్ముడు చనిపోయాడు. కొండలు, చెట్లు వేయడంలో, లెక్కలు చూడడంలో అన్నకు కుడిచేయి అతనే. ఆ తర్వాత రవివర్మ ఎక్కువ కాలం లేడు. మధుమేహంతో 1906 అక్టోబర్ 2న కిళిమానూరులోనే కన్నుమూశాడు.

ఇవి దొరల పద్ధతికి నకళ్లని కలకత్తా పండితులు ఈసడించారు. ఆ మాట పటాలు కొనేవారి దాకా రానే లేదు. మలవ్లి యంత్రం 1972లో నిప్పంటుకుని కాలిపోయింది. అప్పటికే ఊరూరా అచ్చువాళ్లు ఆ లక్ష్మిని చూసి మళ్లీ మళ్లీ గీసి అమ్ముతున్నారు. ఆ కాగితాల మూల ఇప్పుడు ఉండేది క్యాలెండర్ పంచిన కొట్టు పేరు.